వెనక్కి నడిచే పని

“ఆ పాపకు చెప్పు, ముందుకు పోతా తుడిస్తే కాలిగుర్తులు పడతాయని.”

“ఊరుకోమ్మా. ఆ పాప పని ఆ పాప చూసుకుంటాది.”

ఆసుపత్రి మంచం మీద మా అమ్మ, పక్కన కూర్చున్న నేను, ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివి. వార్డు తుడుస్తున్న పిల్ల బకెట్ నుంచి ఫినాయిలు వాసన వస్తోంది. ఇప్పటికీ ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు చిన్నప్పటి తాడిపత్రే కనిపిస్తుంది.

అక్కడ ఒక ఆఫీసులో మా అమ్మ స్వీపరు. ఊరంతా బండలు కోసే మిషన్లు. పాలిష్ పట్టేటప్పుడు లేచే తెల్లపొడి వేపాకుల మీద, ఇడ్లీ అంగడి బల్లల మీద, మా జుట్టులో, కిటికీలు మూసినా సరే ఆఫీసు నల్లబండల మీద పడేది. ఎండాకాలం బోరు ఎండిపోతే భవనం మొత్తానికీ ఒకటే బకెట్ ఫినాయిలు నీళ్లు. ముందు పొడిగుడ్డతో దుమ్ము ఎత్తి, ఆ తర్వాత గట్టిగా పిండిన గోనెపట్టతో, నడుం వంచి, ఎదుటి గోడ నుంచి వాకిలి దాకా అమ్మ వెనక్కి నడుస్తూ తుడిచేది. తిరిగి చూడకుండానే కుర్చీలను ఎట్లా తప్పించుకుంటుందా అని ఆమె మడమలనే చూసేదాన్ని.

ఒక ఏడు ఉగాది మరునాడు పెద్దసారు వస్తున్నాడు. “బండల మీద ఒక్క అడుగు కనపడినా రేపట్నించి రావద్దు” అన్నాడు గుమాస్తా. నాయన లేని ఇల్లు మాది, ఆ పనితోనే పొయ్యి వెలిగేది. ఆ పొద్దున దుమ్ము రాకుండా తలుపు దగ్గరగా వేసి అమ్మ పెద్దగది తుడుస్తోంది. నేను పండగ ఓళిగ, అంటే బొబ్బట్టు, పట్టుకుని లోపలే తలుపు పక్కన నిలబడ్డాను. ఆమె తుడుచుకుంటూ నా దాకా వచ్చేసరికి, లోపల ఎవరూ లేరనుకున్న వాచ్‌మన్ బయట గొళ్లెం పెట్టి టీకి పోయాడు. తలుపు బాదినా వినేవాళ్లు లేరు, రోడ్డు మీదికి కేకేయాలంటే కిటికీ ఎదుటి గోడకుంది. మధ్యలో అంతా తడి.

“కిటికీ కాడికి పోయి పిలుస్తామా?”

“అడుగు పెట్టినావంటే కాళ్లిరగ్గొడ్తా. ఆరనీ.”

ఇద్దరం ఒకే బండ మీద నిలబడ్డాం. అమ్మను పని లేకుండా చూడటం నాకదే మొదలు. పొడి రాలకుండా నా గడ్డం కింద దోసిలి పట్టి ఓళిగ తిననిచ్చింది, సగం తనూ తిన్నది.

“మా, యాడ మొదలు ఆరుతాది?”

“ఎండ పడిన కాడ. మూలలు కడాకి. చూస్తాండు.”

నల్లటి తడి బూడిదరంగుకు తిరుగుతూ, ఆరిన గీత మెల్లగా మా వైపు రావడం చూస్తూ భయమే మరిచిపోయాను.

ఇంతలో జీపు చప్పుడు. గొళ్లెం తీశారు. గడప అవతల పెద్దసారు, వెనక గుమాస్తా.

“లోపల ఏం చేస్తాండావే?” అరిచాడు గుమాస్తా.

అమ్మ పెద్దసారుతోనే చెప్పింది. “నేల ఆరతాండాది సార్. మీ బూట్ల నిండా బండల పొడి ఉండాది. ఇంగ రవ్వంతసేపు ఆగండి.”

ఆయన కిందికి చూసుకున్నాడు. “ఏమప్పా, మీ ఆఫీసులో నన్నే గడప బయట నిలబెడతాండారే!” అని గుమాస్తా వైపు తిరిగి నవ్వాడు. నిలబడ్డాడు కూడా, మా కాళ్ల దగ్గరి బండ ఆరేదాకా. అమ్మ పని పోకుండా నిలబడింది.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. గోనెపట్టలూ పోయాయి. ఇప్పుడు కర్రకు కట్టిన గుడ్డతో నిలబడే తుడుస్తారు, నడుము నొప్పి లేదు, మంచిదే. మా ఆయన బతికుండగా నాకు సంతకం ఒక్కటే నేర్పాడు, అందుకని ఇదంతా నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాసింది.

చాలు పాపా, పెన్ను పెట్టు. ఏదీ, మొదట్నించి చదువు. మా అమ్మ మాటలు యాడన్నా దిద్దినావేమో ఇంటా.