వాళ్లమ్మకు నేను చెప్పిన మాట

మిర్యాలగూడలో నా కుట్టుమిషన్ షాపుకు ఆ పిల్ల పని నేర్చుకోవడానికి వచ్చేనాటికి పంతొమ్మిదేళ్లది. అమ్మానాన్నలు ఒడిశా నుంచి వచ్చి రైస్ మిల్లులో పని చేసేవారు. మిల్లు వెనక రేకుల గదిలో కాపురం. ఏడాదిలోనే పిల్లకు మన తెలుగు బాగా వచ్చేసింది.

పొద్దున తండ్రే దింపేవాడు, సాయంత్రం తండ్రే తీసుకుపోయేవాడు. పిల్ల ఫోను కూడా ఆయన జేబులోనే. ఒకరోజు పిల్ల ముంజేతి మీద వాతలు చూసి అడిగాను.

"పొయ్యికాడ కాలిందక్కా," అంది.

నమ్మినట్టు ఊరుకున్నాను.

కోదాడ నుంచి మిల్లుకు వడ్లు తెచ్చే లారీ డ్రైవర్‌ను ఇష్టపడుతున్నానని చివరికి తనే చెప్పింది. అతనిది వేరే కులం.

"సూర్యాపేటల రిజిస్టర్ పెండ్లి చేస్కుంటమక్కా. సాక్షి సంతకం పెడ్తవా?"

నాకు భయమేసింది. వాళ్ల నాన్న షాపు మీదికి వస్తాడనిపించింది.

"జర ఆగు. మీ అమ్మతోని నేను మాట్లాడ్త," అన్నాను.

"వద్దక్కా! అమ్మ నాయినకు చెప్తది. నన్ను బతకనియ్యరు."

కన్నతల్లి కదా, అర్థం చేసుకుంటుందనుకున్నాను. మర్నాడు మిల్లుకు వెళ్లి చెప్పేశాను. ఆమె చీపురు పక్కన పెట్టి అంతా విన్నది. "మంచిగ చెప్పినవ్," అని నాకు దండం పెట్టింది.

ఆ తర్వాత పిల్ల షాపుకు రాలేదు. మూడోరోజు వెళ్తే గదికి తాళం. పక్కగదిలో ఉండే పాలకీడు ఊరి ఆవిడ చెప్పింది: "పెదనాయినంట, ఊరినుంచి వచ్చిండు. అందరు కల్సి రైలెక్కిచ్చిండ్రు. పిల్ల ఒకటే ఏడుపు."

డ్రైవర్‌ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయాను. "వాళ్ల బిడ్డను వాళ్లు తీస్కపోయిండ్రు. మీకేం పరేషాన్ అమ్మా?" అని పంపేశారు.

నాలుగు నెలల తర్వాత తండ్రి ఒక్కడే మిల్లుకు తిరిగొచ్చాడు. ఎదురెళ్లి అడిగాను.

"జ్వరం వచ్చింది. చనిపోయింది."

"ఏ దవాఖానల చూపిచ్చిండ్రు?"

"మా ఇజ్జత్ మాది. నువ్వు అడగొద్దు," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

మళ్లీ స్టేషన్‌కు వెళ్లాను. ఫిర్యాదు కాగితం తీసుకున్నారు. ఒడిశాలో వాళ్లది ఏ ఊరని అడిగారు. నాకు తెలియదు. ఏడాదిపాటు నా పక్కన కూర్చుని కుట్టిన పిల్లను ఆ మాట ఒక్కసారైనా అడగలేదు. స్టేషన్ నుంచి ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. డ్రైవర్ ఇటు లోడు తేవడం మానేశాడు.

ఆ తండ్రి ఇప్పటికీ రోజూ నా షాపు ముందు నుంచే పనికి పోతాడు. నన్ను చూస్తే తలవంచుకోడు. నేనే వంచుకుంటాను.