నంబర్ ప్లేటు వెనక మూత

మా ఆయన కారుకి పెట్రోలు ఎక్కడ పోయాలో నాకు మొదటిరోజు అర్థం కాలేదు. ఆయన బంకులో కాఫీ తెచ్చుకోడానికి లోపలికి వెళ్ళారు. ఇంగ్లండులో ఎవరి పెట్రోలు వాళ్ళే పోసుకోవాలి కాబట్టి, నేను సాయం చేద్దామని దిగి, పెట్రోలు గన్ను చేత్తో పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణ చేశాను. కుడి పక్క మూత లేదు, ఎడమ పక్క లేదు. వెనకాల వ్యానులో ఉన్నాయన చాలాసేపు ఓపిక పట్టి, ఇక లాభం లేదని పక్క పంపుకి వెళ్ళిపోయాడు. చివరికి మా ఆయన వచ్చి, నవ్వి, వెనక నంబర్ ప్లేటు పట్టుకుని కిందికి లాగారు. అది తలుపులాగా వాలింది. దాని వెనక, బంపరు పక్కనే, మోకాళ్ళ ఎత్తులో పెట్రోలు మూత.

“ఇదేం చోటండీ?” అన్నాను.

“అమెరికావాళ్ళు అప్పట్లో ఇలాగే చేసేవాళ్ళు,” అన్నారు, తనే కనిపెట్టినంత గర్వంగా.

ఆ కారు నాకంటే రెండేళ్ళు పెద్దది. స్టీరింగు ఎడమవైపు, రెండే తలుపులు, ముందు భాగమంతా ఇంజనే. స్టార్ట్ చేస్తే మా లీసెస్టర్ వీధిలో కిటికీలు అదురుతాయి. తెనాలిలో చదువుకునే రోజుల్లో ఇలాంటి కారు బొమ్మ ఒకటి ఆయన హాస్టల్ గోడకి ఉండేదట. ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చేశాక, ఒక ముసలాయన దగ్గర కొన్నారు. నేను నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత అలవాటైపోయింది.

కొన్న నాలుగో ఏడు ఆయన నడుము బిగుసుకోవడం మొదలైంది. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు. జీపీ, అంటే మా పేటలో డాక్టరు, మొదట నొప్పి మాత్రలిచ్చి పంపించాడు, ఆస్పత్రివాళ్ళు ఆలస్యంగా పేరు చెప్పారు. మందులతో నొప్పి తగ్గింది కానీ వంగడం పోయింది, మెడ తిప్పడం పోయింది. కారుకి అదనంగా పెద్ద అద్దాలు పెట్టించి, లైసెన్సు ఆఫీసుకి చెప్పాల్సింది చెప్పి, డ్రైవింగ్ మాత్రం నిలబెట్టుకున్నారు. మొదట కారుకి వీపు పెట్టి సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తెచ్చుకోవడం నేనే నేర్పించాను. అది నా వృత్తి. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. తుంటి విరిగినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కుర్చీలు ఎత్తు చేయించి, బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు బిగించి, మనిషి తన పని తను చేసుకునేలా ఇంటిని మార్చడం నా పని.

ఆయన వారమంతా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని పనిచేస్తారు. ఆదివారం మాత్రం కారు తీసుకుని, పాత కార్లవాళ్ళు కలుసుకునే పబ్బు దగ్గరికి వెళ్తారు. గడప దాటేది ఆ ఒక్కరోజే. ఒక ఆదివారం ఆయన ప్యాంటు నిండా పెట్రోలు వాసనతో వచ్చారు. తోటపనికి వాడే చిన్న మెత్త వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని పెట్రోలు పోసుకుంటూ వస్తున్నారట. ఈసారి లేవలేకపోయారు. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు చంకల్లో చేతులు వేసి లేపారట.

“అమ్మేద్దాం,” అన్నారు చెప్పులు విప్పకుండానే.

ఆ కారంటే నాకేం ముద్దు లేదు. కానీ ఇలా ఒకటి వదిలేసినవాళ్ళు తర్వాత ఏం చేస్తారో నేను రోజూ చూస్తాను. మొదట కారు, తర్వాత బజారు, తర్వాత స్నేహితుల ఫోన్లు. ఆఖరికి కిటికీ పక్కన కుర్చీ. ఆయన్ని ఆ కుర్చీలో చూడడం నా వల్ల కాదు.

“నేను పోస్తాను పెట్రోలు,” అన్నాను.

“నువ్వు పోస్తే అది నా కారెలా అవుతుంది?”

“వికలాంగులకిచ్చే బ్లూ బ్యాడ్జి తెచ్చుకుందాం. బంకులో బెల్లు కొడితే వాళ్ళే వచ్చి పోస్తారు.”

ఆయన ఒంటికాలి మీద లేచారు. “నాకేమైందని బ్లూ బ్యాడ్జి?”

ఏమైందో ఇద్దరికీ తెలుసు. డబ్బాలో పెట్రోలు తెచ్చి చేతిపంపుతో ఎక్కిద్దామన్నాను, పొడుగు గరాటు చేయిద్దామన్నాను. దేనికీ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, “మూతే పైకి జరిపిద్దాం,” అన్నాను. “పక్క రేకులో, చక్రం పైన. నిలబడి పోసుకోవచ్చు.”

గుడ్లప్పగించి చూశారు. “రేకు కోస్తావా?”

“నేను కాదు, కోసేవాళ్ళు కోస్తారు.”

“ఇన్నేళ్ళ నుంచి ఎవ్వరూ చెయ్యి వెయ్యని రేకు అది.”

ససేమిరా అన్నారు. తర్వాతి ఆదివారం నేను కూడా పబ్బుకి వెళ్ళి, అక్కడి తెల్లజుట్టు పెద్దమనుషులని అడిగాను. ఒకాయన టీ కప్పు కింద పెట్టి, ఈ ఆలోచన ఎవరిది అన్నాడు. నాదే అన్నాను. నేనేదో బతికున్న కోడి మెడ పట్టుకున్నట్టు చూశాడు. ఇంకొకాయన మాత్రం, వెనక నుంచి ఎవడైనా గుద్దితే ఆ మూత ఉన్నచోటే ప్రమాదం, పక్కకి జరపడమే మంచిది అన్నాడు. వాళ్ళిద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. మా ఆయన మధ్యలో నిలబడి ఇద్దరికీ ఊఁ కొట్టారు. నాకు ఏమీ బోధపడలేదు. ఒక మనిషి కోసం గోడ పగలగొట్టాలంటే నేను క్షణం ఆలోచించను. బిళ్ళంత రేకు కోసం ఇంత రభస ఏమిటి?

మూడు వారాలు మొహం మాడ్చుకుని తిరిగారు. కారు బయటికి తీయలేదు. ఒకరోజు పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే, టోస్టు మీద వెన్న రాసుకుంటూ, “సరే, కోయించు,” అన్నారు.

ఎందుకు ఒప్పుకున్నారని నేను అడగలేదు. మళ్ళీ మనసు మార్చుకుంటారని భయం. ఆ సాయంత్రమే టేపు పట్టుకుని గరాజులోకి తీసుకెళ్ళాను. బూట్లు వేసుకోమన్నాను, మోచెయ్యి మడవమన్నాను, గన్ను పట్టుకున్నట్టు చెయ్యి చాపమన్నాను. నా పేషెంట్లు కూడా అంత బుద్ధిగా నిలబడరు. చెప్పినట్టల్లా చేశారు. నేను ఎత్తులన్నీ రాసుకున్నాను.

పని చేసింది ఒక గుజరాతీ అంకుల్. మూతపడిన సాక్సుల ఫ్యాక్టరీ షెడ్డులో ఆయనకి వెల్డింగు షాపు ఉంది. మేం హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకున్నాం. నా కాగితం చూసి, “బేటీ, కారుకి కూడా ఆస్పత్రి కొలతలా?” అని నవ్వారు. తర్వాత ఆయన తంటాలు ఆయన చెప్పారు. ట్యాంకు డిక్కీ కింద ఉంది. కొత్త మూత నుంచి ట్యాంకు దాకా గొట్టం ఎక్కడా పైకి లేవకుండా వాలుగానే దిగాలి. పెట్రోలు లోపలికి వెళ్తుంటే ట్యాంకులో గాలి బయటికి రావడానికి పక్కనే ఒక సన్న గొట్టం ఉండాలి. డిక్కీలో వాటి చుట్టూ రేకు డబ్బా కట్టాలి, లేకపోతే వాసన కారులోకి వస్తుంది. ట్యాంకు విప్పి, పదే పదే కడిగి, ఆవిరి పోయేదాకా రోజుల తరబడి తెరిచి ఉంచాకే దాని దగ్గరికి వెల్డింగు మంట తెచ్చారు.

రేకు కోసే రోజు ఇద్దరం వెళ్ళాం. అంకుల్ మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గుండ్రంగా గీసి, మధ్యలో వేలితో కుంకుమ పెట్టారు. అగరొత్తి మాత్రం ఆఫీసు గదిలో వెలిగించారు. ఇక్కడ వెలిగిస్తే మనమే నేరుగా దేవుడి దగ్గరికి పోతాం అన్నారు. కటింగ్ మెషీను చప్పుడు మొదలవగానే మా ఆయన బయటికి వెళ్ళిపోయారు. వానలో, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. నేను రేకు పడేదాకా చూశాను. అది నా అరచేతిలో పట్టింది.

అంకుల్ మెషీను ఆపి, వెనక నంబర్ ప్లేటు కిందికి లాగి అడిగారు. “ఈ పాతదాన్ని ఏం చేద్దాం? మూత బిగించి ఇలాగే ఉంచనా, పూర్తిగా మూసేయనా?”

“మూసేయండి అంకుల్. రెండు నోళ్ళెందుకు? ఎప్పుడైనా కారితే మళ్ళీ అదో గొడవ.”

“అతన్ని అడగనా?”

“అక్కర్లేదు,” అన్నాను. అంకుల్ ఒక్క క్షణం బయటికి చూసి, సరే అని తల ఊపారు.

కారు తీసుకోడానికి వెళ్ళిన రోజు నాకు పండగలా ఉంది. రంగు ఎంత బాగా కలిసిందంటే, మూత పుట్టుకతోనే అక్కడ ఉన్నట్టుంది. మా ఆయన దాని దగ్గరికే వెళ్ళలేదు. వెనక్కి నడిచి, మోకాళ్ళు కొంచెం మడిచి, రెండు వేళ్ళు కిందికి చాపి, నంబర్ ప్లేటు పై అంచు పట్టుకుని లాగారు. రాలేదు. మళ్ళీ లాగారు.

“స్క్రూలు బిగించేశారండీ,” అన్నాను. “దాని వెనక రేకు వేసి అతికేశారు. ఇంక దాంతో పనే లేదు.”

“ఓహో,” అన్నారు. అంకుల్ చెయ్యి పట్టుకుని చాలా థాంక్స్ చెప్పారు. కారెక్కి, బంకు దాకా రేడియో గట్టిగా పెట్టుకుని నడిపారు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఈయన కోసం ఊరంతా తిరిగాను, ముసలాళ్ళ చురచుర చూపులు భరించాను, సెలవులు పెట్టాను. ఏం చేసినా తప్పేనా? అడుగుదామనుకుంటే ఏమని అడగాలో తెలియలేదు. ఒప్పుకున్నది ఆయనే కదా.

బంకులో ఆయన దిగి, కొత్త మూత తిప్పి, గన్ను పెట్టారు. నిటారుగా నిలబడ్డారు. మోచెయ్యి నేను రాసుకున్నట్టే మడిచారు. గన్ను టక్కుమని ఆగింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఆగింది. గాలి గొట్టం ఎక్కడో నలిగినట్టుంది, పెట్రోలు వేగంగా వెళ్తే ట్యాంకు తీసుకోవడం లేదు. నేను కిందికి దిగి ఆయన పక్కన నిలబడ్డాను. కొంచెం కొంచెం నొక్కుతూ పోయడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టేలా ఉంది.

“ఎత్తు బాగుందా?” అన్నాను.

“సరిగ్గా ఉంది.”

“మరెందుకండీ ఇలా ఉన్నారు?”

పంపు మీద తిరిగే అంకెలు చూస్తూ చెప్పారు. “మూడేళ్ళుగా అనుకుంటున్నాను, ఈ మందు కాకపోతే ఇంకో మందు, ఏదో ఒకరోజు వంగుతానని. వంగి ఆ ప్లేటు లాగుతానని. కొత్త మూత పెట్టించినా, పాతది అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను. నువ్వు దాన్ని మూయించేశావు.”

గన్ను టక్కుమంది. ఆయన మళ్ళీ నొక్కారు.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు గోడకి చిల్లు పెట్టం. మనిషి తన నోటితో, ఇంక ఇది కావాలి నాకు అని చెప్పేదాకా, తీసేస్తే వచ్చేసే సామానే ఇస్తాం. కొత్తగా చేరిన పిల్లలకి ఈ మాట వేలు చూపించి మరీ చెప్తాను. మా ఇంట్లో మనిషిని మాత్రం నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. రేకు మీద దిగులనుకున్నాను. మొండితనం అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో అనిపించి ఏడుపొచ్చింది.

“అంకుల్‌కి చెప్పి మళ్ళీ తెరిపిద్దామా?” అన్నాను. “ఒక్కరోజు పని.”

ఆయన మెడ తిరగదు కాబట్టి మనిషంతా నా వైపు తిరిగారు. గన్ను మాత్రం వదల్లేదు.

“తెరిపిస్తే? వంగేదెవరు?”

పద్దెనిమిదేళ్ళుగా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మంచాల పక్కన కూర్చుని, ఇలాంటి మాటలకే సమాధానాలు చెప్తూ వచ్చాను. ఇప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుని, “ఇలా ఇవ్వండి, మిగతాది నేను పోస్తాను,” అని చెయ్యి చాపాను.

ఇవ్వలేదు.