కుడి చేతి పిడి

మా అమ్మాయి కాలేజీలో పిస్టల్ కాల్చడం నేర్చుకుంటోందని నాకు మా బావమరిది చెబితే తెలిసింది. అదీ బెల్లం మార్కెట్ యార్డులో, దిమ్మల వరసల మధ్య, పదిమంది ముందు. కన్నకూతురి కబురు తండ్రికి ఆ దారిన అందిందంటే మా ఇంటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. నా నోటి దురుసు పడలేక నా భార్య కొన్నేళ్ళ కిందట అమ్మాయిని తీసుకుని బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో ఉన్న ఈ బావమరిది ఇంటికే వెళ్ళిపోయింది. నేను కొట్టేవాణ్ణి కాదు, తాగేవాణ్ణి కాదు. తప్పులు పట్టేవాణ్ణి. కూరలో ఉప్పు, చీర కట్టు, తలుపు వేసిన చప్పుడు, ఏదీ వదిలేవాణ్ణి కాదు. అమ్మాయి ఇప్పుడు ఆ పల్లె నుంచే బస్సులో అనకాపల్లి వచ్చి డిగ్రీ చదువుతోంది. కాలేజీ మా వీధికి నడిచి వెళ్ళేంత దూరం. అయినా ఇటు వచ్చేది కాదు.

ఆ రోజు బావమరిది తన బెల్లం యార్డుకు తెచ్చాడు. నేను ఒక వ్యాపారి తరఫున సరుకు చూసేవాణ్ణి. దిమ్మ అంచు విరిచి, రంగు చూసి, ముక్క నాలుక మీద వేసుకుని ఏ రకమో చెప్పడం నా పని. అతని దిమ్మ విరిచి, రంగు తగ్గిందన్నాను.

"నీకు రంగెప్పుడు సరిపోయింది గాని బావా," అన్నాడతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "మీ యమ్మాయి పిస్తోలు పేలుత్తంది, తెలుసా?"

"ఏటి?"

"పిస్తోలు. గాలిదిలే. కాలేజీలో గేమ్స్ మేష్టారు నేర్పుతన్నాడు. అందరికీ కలిపి ఒకటే ఉందంట, వంతులేసుకుంటారంట. నీ కూతురు బాగా కొడతందని సెప్పేడు. మా ఇంట్లో సెంబులన్నీ దాసేసుకున్నాం."

కాటా దగ్గర కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే అందుకున్నాడు. "గాలి పిస్తోలుకి బయమేటి మామా. ఇన్నేళ్ళు మీ బావ మాటలు తగిలినా బతికే ఉన్నావు కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక ఆలోచన చేశాను. కాలేజీలో ఉన్నది ఒక్కటే, వంతులు. మా ఇంట్లో ఒకటుంటే, అది మా ఇంట్లోనే ఉంటుందంటే, అమ్మాయి వారానికొకసారైనా రావాలి కదా. ఇది రాసేటప్పుడు ఆ మాటను మెత్తగా చెప్పాలని ఉంది. కాని నేను కొన్నది బహుమతి కాదు, ఎర.

విశాఖపట్నంలో అలాంటివి అమ్మే దుకాణం ఒకటి వెతికి పట్టుకున్నాను. దుకాణదారు గుర్తింపు కార్డు అడిగాడు. ఈ మాత్రం బలం ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదన్నాడు. అద్దాల బల్ల మీద మూడు రకాలు పరిచాడు. ఒకటి స్ప్రింగుది. గొట్టాన్ని మధ్యకు విరిచి బిగించాలి. చవక, మొరటు, పేలినప్పుడు చేతిలో ఎగిరి పడుతుంది. రెండోది గ్యాసు గొట్టంతో నడిచేది. చూడ్డానికి పోలీసువాళ్ళ దానిలా ఉంటుంది. కుర్రాళ్ళు దానికే పడిపోతారట, కాని గురి నేర్చుకోవడానికి పనికిరాదన్నాడు. మూడోదానికి పక్కన మీట ఉంది. కాల్చే ముందు ప్రతిసారీ ఆ మీటను ఒక్కసారి లాగి మూస్తే గాలి నిండుతుంది. కుదుపు దాదాపు ఉండదు. పోటీలకు వెళ్ళేవాళ్ళు నేర్చుకునేది ఇలాంటిదానితోనే. దాని పిడి చెక్కతో చేసింది, అరచేతి ఒంపుల్లో అతుక్కుపోయేలా చెక్కింది, కింద చెయ్యి ఆనడానికి ఒక చిన్న బల్లలాంటిది కూడా ఉంది.

నేను మూడోదే ఎంచాను. పేపరు బొమ్మ మీద గుండ్రటి చిల్లు పడేందుకు చదును తల ఉన్న సీసపు గుళ్ళు, పెల్లెట్లంటారు, అవి ఇమ్మన్నాను. కళ్ళద్దాలు కూడా తీసుకున్నాను. నేను సరుకు ఎంచగలవాణ్ణని దుకాణదారుకి తెలియాలని దాని ప్రతి అంచూ తడిమి చూశాను. చివర్లో అతను అడిగాడు.

"కుడి చేతి పిడా అండీ, ఎడమ చేతి పిడా? ఎవరికోసం?"

"మా అమ్మాయికి. కుడే. మా ఇంట్లో ఎడమ చేతివాటం ఎవరికీ లేదు."

నేను అబద్ధం చెప్పలేదు. నిజంగా అలాగే అనుకున్నాను.

మేడ మీద పది మీటర్లు కొలిచి గీత గీశాను. అవతలి గోడకు ఇనుపరేకు ఆనించి, దాని ముందు పాత గోనెలు కుక్కిన చెక్కపెట్టె పెట్టి, పెట్టె మీద నల్ల గుండ్రం ఉన్న పేపరు బొమ్మ అంటించాను. కాల్చేటప్పుడు ఎవరూ పైకి రాకుండా మెట్ల తలుపుకు గడియ వేసేవాణ్ణి. అమ్మాయి వచ్చేలోగా పిస్టల్ మీద గురి చూసే సైట్లు సరిచేసి పెట్టాలని పనిరోజుల్లో సాయంత్రం నేనే కాల్చేవాణ్ణి. అప్పుడు తెలిసింది, బొమ్మను చూస్తూ కాల్చకూడదు. గొట్టం చివరనున్న ముందు సైటునే చూడాలి. అది స్పష్టంగా కనబడి, అవతలి నల్ల గుండ్రం మసకగా ఉండాలి. ట్రిగ్గర్ని లాగకూడదు, ఎప్పుడు పేలిందో తెలియనంత మెల్లగా నొక్కాలి. నాకు ఓపిక లేదు. సైటు నల్లటిదాని కిందకు రాగానే 'ఇప్పుడే' అనిపించి వేలు గుంజేసేది. చిల్లు కిందకీ ఎడమకీ పోయేది. పేపరు దించి చూస్తే నా తొందరంతా అక్కడ అచ్చుపడి ఉండేది. ఆ సాయంత్రాల్లో మెల్లగా నొక్కడం కొంచెం నేర్చుకున్నాను. అది చేతికే వచ్చింది, నోటికి రాలేదు.

మొదటి ఆదివారం అమ్మాయి వచ్చింది. డబ్బా తెరిచి చూసి, "ఇంత మంచిది కొన్నావేటి నాన్నా," అంది. పిస్టల్ని చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం దాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత కుడి చేతిలోకి సర్దుకుని గీత దగ్గర నిలబడింది.

"ఇది ఇక్కడే ఉంటాదమ్మా. ఊళ్ళోకి పట్టుకెళ్ళకూడదు. ఆదివారం ఆదివారం నువ్వే రా."

"వత్తాన్లే."

ఆమె కాల్చినవి పేపరంతా చెల్లాచెదురుగా పడ్డాయి. కొన్ని పేపరు దాటి చెక్కలో దిగాయి. బాగా కొడుతుందని మేష్టారు చెప్పిన పిల్ల ఈమేనా అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు.

"మణికట్టు బిగించు. బుజం దించు. ఊపిరి ఆపు, ఆపు అంటన్నానా. మీ మేష్టారు ఏటి సూసి తీసుకున్నాడే నిన్ను?"

ఆమె పిస్టల్ని కిందకు దించి, గొట్టం గోడవైపే ఉంచి, మీట లాగి మళ్ళీ నింపింది.

అలా వరసగా ఆదివారాలు వచ్చింది. కాల్చడం అయ్యాక పిట్టగోడ మీద కూర్చుని టీ తాగేది. బస్సులో కండక్టరు వేసే జోకులు, మామయ్య దూడకు పెట్టిన పేరు, అలాంటివి చెప్పబోయేది. నేను ఫోనులో చూసి నేర్చుకున్న పాఠాలు మొదలెట్టేవాణ్ణి. ఒకసారి ఆమె కప్పులోకి చూస్తూ, "అమ్మ నిన్న నీ గురించి..." అంది. నేను అప్పటికే పేపరు దించి పట్టుకుని ఉన్నాను. "ముందు ఇది సూడు, అన్నీ కుడి పక్కకే పోతన్నాయి. మోచెయ్యి వొంగిపోతంది నీకు," అన్నాను. ఆమె పేపరు చూసింది. అవునంది. వాళ్ళమ్మ నా గురించి ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాలేజీలో జట్టు ఎంపికకు చిన్న పోటీ పెడుతున్నారని మళ్ళీ బావమరిదే చెప్పాడు. యార్డులో పని తొందరగా ముగించుకుని వెళ్ళి, హాలు వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. బట్టలకు బెల్లం వాసన, ముందుకు వెళ్ళాలంటే మొహమాటం. అమ్మాయి వంతు వచ్చింది. గీత దగ్గర పక్కకు తిరిగి నిలబడింది. మా మేడ మీద నిలబడే తీరు కాదది. కుడి చేతిని జేబులో పెట్టుకుంది. ఎడమ చెయ్యి చాచింది.

ఆ చెయ్యి ఎంత నిలకడగా ఉందో చెప్పడం నా వల్ల కాదు. పిస్టల్ ఆమె చేతిలో ఉన్నట్టు లేదు, భుజం నుంచి అక్కడిదాకా పెరిగినట్టు ఉంది. అది కాలేజీ పాత పిస్టల్, ఏ చేతికైనా సరిపోయే మామూలు పిడి దానిది. చిల్లులన్నీ నల్ల గుండ్రంలో ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. జట్టులోకి తీసుకున్నారు.

నాకు అక్షరాభ్యాసం రోజు గుర్తొచ్చింది. పళ్ళెంలో బియ్యం. ఒళ్ళో అమ్మాయి. ఓం అని రాయించడానికి నేను చెయ్యి పట్టుకోబోతే పిల్ల ఎడమ చెయ్యి ఇచ్చింది. పురోహితుడు నవ్వాడు, అందరూ నవ్వారు. నేను ఆ చేతిని నా మోకాలి కింద నొక్కి పెట్టి, కుడి చేతితో దిద్దించాను. ఆ తర్వాత అన్నం దగ్గర, పలక దగ్గర, చుట్టాలకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చే దగ్గర, ఎడమ చెయ్యి ముందుకు వచ్చినప్పుడల్లా దాని మీద ఒకటి వేసేవాణ్ణి. ఎవరిళ్ళలోనైనా అలాగే చేసేవారు. పిల్ల బడికి వెళ్ళేనాటికి కుడిచేత్తో చక్కగా రాసేది. సరిదిద్దేశానని గర్వపడ్డాను. తర్వాత మరిచిపోయాను. దుకాణంలో అతను అడిగినప్పుడు నాకు గుర్తుకైనా రాలేదు.

బస్టాండులో అమ్మాయిని కలుసుకున్నాను.

"ఎడం సేత్తో కొడతావా?"

"వచ్చేవా నువ్వు? సూళ్ళేదు నేను." కొంచెం ఆగి, "ఊఁ," అంది.

"మరి మన మేడ మీద..."

"అది కుడి సేతిది కదా నాన్నా. ఎడం సేతికి పట్టదు."

"ఒక్క మాట సెప్పొచ్చు కదమ్మా."

ఆమె బస్సు వచ్చే వైపు చూసింది. "సెప్తే మార్సుకోమంటావనుకున్నాను."

"పిస్టలా?"

"సెయ్యి."

బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఏ చేత్తో ఊపిందో చూడాలన్న ఆలోచన నాకు బస్సు మలుపు తిరిగాక వచ్చింది.

ఇంటికి నడుస్తూ ఉంటే రెండో సంగతి తట్టింది, అది మొదటిదానికంటే బరువైంది. ఆ పిస్టల్ అమ్మాయికి ఏ పనికీ రాదు. మొదటి ఆదివారమే ఆమెకు ఆ సంగతి తెలుసు. కుడి చేత్తో ఎంత కాల్చినా పోటీకి అక్కరకు రాదు, పైగా ఉన్న అలవాటు చెడుతుంది. అయినా వచ్చింది. వారం వారం బస్సెక్కి వచ్చింది. ఎర అక్కర్లేకుండానే వచ్చిన పిల్లను పట్టుకుని నేను మోచెయ్యి గురించి మాట్లాడుతూ కూర్చున్నాను.

ఆ తర్వాతి ఆదివారాలు ఆమె రాలేదు. పరీక్షలంది. జట్టు ప్రాక్టీసంది. నిజమే అయి ఉంటుంది.

దుకాణానికి ఫోన్ చేసి ఎడమ చేతి పిడి తెప్పించమన్నాను. కొరియర్లో వచ్చింది. కింద ఒకే మర, పాతది విప్పి కొత్తది బిగించడం పెద్ద పని కాదు. బిగించాక మేడ మీదకు వెళ్ళి నా ఎడమ చేత్తో ఒకసారి పట్టి చూశాను. ముందు సైటు నీళ్ళలో పుల్లలా ఊగింది. వేలు ఎక్కడ పెట్టాలో వేలుకే తెలియలేదు. పేపరుకు తగల్లేదు, చెక్కకూ తగల్లేదు, రేకు మోగింది. మళ్ళీ ప్రయత్నించాను. చెయ్యి నొప్పి పుట్టి, నా మీద నాకే విసుగొచ్చి, ఒళ్ళంతా చెమట పట్టింది. ఎవరూ నన్ను కొట్టడం లేదు, తిట్టడం లేదు. అయినా పిస్టల్ని కుడి చేతిలోకి మార్చేసుకోవాలనిపించింది, ఆ పిడి ఇప్పుడు కుడి చేతికి పట్టదు. పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. ఐదేళ్ళ పిల్లను నేను అడిగింది ఇదే.

పరీక్షలయ్యాక అమ్మాయిని రమ్మని, డబ్బా చేతిలో పెట్టాను. ఆమె పిస్టల్ తీసి ఎడమ చేత్తో పట్టుకుంది. వేళ్ళన్నీ వాటి చోట్లలోకి వెళ్ళిపోయాయి.

"పట్టింది," అంది నెమ్మదిగా.

"పట్టుకెళ్ళిపో. రోజూ కొట్టుకోవాలి కదా. ఇంకిక్కడెందుకు."

"ఊళ్ళోకి పట్టుకెళ్ళకూడదన్నావు?"

"అబద్ధం సెప్పేను. నువ్వు వత్తావని."

నా మొహంలోకి చూసింది. చాలా మాటలు చెప్పాలనుకుని రోజుల తరబడి కూడబెట్టుకున్నాను. "సెయ్యి మీద కొట్టేవాణ్ణి. తప్పు నాదమ్మా," అన్నాను. అంతే వచ్చింది.

ఆమె డబ్బా మూసింది. "నాకు అంతగా గుర్తు లేదు నాన్నా," అంది. నాకోసం అలా అందో, నిజంగానే గుర్తు లేదో తెలియలేదు. ఆదివారం వస్తావా అని నేను అడగలేదు. వస్తానని ఆమె అనలేదు.

ఆ ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. యార్డుకు సెలవు, మాట్లాడేందుకు మనిషి లేడు. మేడ మీదకు వెళ్ళడానికి పని కూడా లేదు. మూడో ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. మామయ్య చెరకు ఆడే పాక పక్కన చోటు చేసుకున్నానంది. గీత గీసుకున్నానంది. ఎలా నిలబడుతోందో, వెలుతురు ఎటునుంచి వస్తోందో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎనక గోడుందా?" అని ఒక్కటే అడిగాను.

"ఉంది. బండరాళ్ళ గోడ. అటు ఎవరూ రారు."

"సరే."

అవతల చెరకు గానుగ ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఎవరో మామయ్యని పిలుస్తున్నారు. వాళ్ళమ్మ గొంతేమోనని చెవి ఒగ్గాను, పోల్చుకోలేకపోయాను. ఫోన్ ఆమె పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.