కెమెరా చూసొచ్చే బ్రహ్మం

బ్రహ్మం ఏదీ తేల్చడు. ఇది గిట్టనివాళ్లు వేసిన నింద కాదు. దిల్‌సుఖ్‌నగర్ డిపో ఎదురు సందులో ఎవరిని అడిగినా చెప్తారు. ఛాయ్ తాగుతావా అంటే "జర ఆలోచించాలె" అంటాడు. ఆలోచన తెమిలేలోగా బండివాడి పాలు అయిపోతాయి. తన ఫోటో స్టూడియోలో ఫ్యాను చెడిపోతే, కొత్తది కొనాలా, పాతదాన్నే బాగుచేయించాలా అని ఎండాకాలమంతా ఆలోచించాడు. వానలు మొదలయ్యాక "చూసినవా, అవసరమే పడలే" అన్నాడు భార్యతో.

ఆ భార్య వజ్రమ్మ. పోచంపల్లి పక్క ఊళ్లో పెళ్లిచూపులు చూసి వెళ్లి, "జర ఆలోచించాలె" అని కబురు పంపాడట. ఆయన ఆలోచనలో ఉండగానే వజ్రమ్మ మేనమామ వచ్చి లగ్గం పెట్టించి పోయాడు.

"అంటే నువ్వు ఇంకా ఒప్పుకోలేదన్నట్టే గదా," అని వజ్రమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

"ఆలోచిస్తున్ననే," అంటాడు బ్రహ్మం.

ఒక్క కెమెరా చేతికొస్తే మాత్రం మనిషే వేరు. తలంబ్రాల్లో గింజ ఇంకా గాలిలో ఉండగానే మీట నొక్కుతాడు. నొక్కింది నొక్కిందే, రెండోసారి లేదు. ఆ చెయ్యి తడబడగా వజ్రమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె మార్కండేయ ఫోటో స్టూడియోలో కౌంటరు చూస్తుంది, పెళ్లిళ్లలో లైటు పట్టుకుంటుంది, ఆల్బమ్‌లు అంటిస్తుంది. కాబట్టి ఆమెకు తెలియని ఫోటో లేదు. లేదనే ఆమె నమ్మకం.

అలాంటి ఇంటికి డిజిటల్ కెమెరా తగాదా వచ్చిపడింది.

పండ్ల మార్కెట్ ఇంకా ఊరి బయటి బాటసింగారానికి తరలిపోని కాలం అది. కొత్తపేట దాటితే మామిడి వాసన కొట్టేది. సందులో ఎదురుగానే గాజు తలుపుల డిజిటల్ స్టూడియో వెలిసింది. హాల్‌టికెట్ ఫోటో కోసం వచ్చే కోచింగ్ పిల్లలు అక్కడ కూర్చుని, మొహం తుడుచుకునేలోగా ఫోటో పట్టుకుని పోతున్నారు. ఇక్కడైతే రీలు నిండాలి, కోఠీ ల్యాబుకు పోవాలి, కడగాలి, రావాలి. వజ్రమ్మ కౌంటరులో కూర్చుని ఎదుటివాళ్ల లైను చూసేది.

"అయ్యా, మనం గూడ కొందామయ్యా."

"కొనాలె. మంచిగ చూసి కొనాలె."

ఆ మాట అన్నప్పటినుంచి ప్రతి ఆదివారం స్కూటరు తీసేవాడు. "కోఠి పోయి కెమెరా చూసొస్త." పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేవాడు.

"ఏం తేల్చినవ్?"

"చూసొచ్చిన. మంచిగనే ఉంది. జర ఆలోచించాలె."

ఆ చూసి రావడం ఎన్ని నెలలు సాగిందో! కెమెరాను చూసిచూసి, దాని అద్దం అరిగిపోయి ఉంటుందని సందులో జోకులు. పైగా కోఠీ వెళ్లినవాడి స్కూటరుకు ఎర్రమట్టి. ఒకసారి సంచి నిండా లేత వంకాయలు. ఇంకోసారి రుమాల్లో కట్టిన నాటుకోడి గుడ్లు.

"కెమెరా దుకాణంల గుడ్లు పెడుతున్నరా?" అంది వజ్రమ్మ.

"తొవ్వల అమ్ముతుండ్రు," అన్నాడు, మొహం స్కూటరు వైపు తిప్పుకుని.

అంతలో పట్టాభి వచ్చాడు.

పట్టాభి గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డ లెక్కల మాస్టారు. కోచింగ్ సెంటరు ఉంది, హాస్టలుంది. ఆ వీధిలో ఆయన ఏ స్టూడియోకు పోతే మిగతా హాస్టళ్లన్నీ ఆ స్టూడియోకే పోతాయి. కొడుకు వినయ్ పెళ్లికి బ్రహ్మమే ఫోటోలు తీశాడు. ఇప్పుడు కూతురు తన్మయి పెళ్లి, ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో.

"ఏవయ్యా బ్రహ్మం, ఈసారి మాత్రం డిజిటలే," అన్నాడు కూర్చోకుండానే. "పోయినసారి మా తోడల్లుడు రామారావు గొడవ గుర్తుంది కదా?"

గుర్తులేకేం! రామారావు వినయ్ పెళ్లిలో స్టేజీ దిగలేదు. పెళ్లికొడుకుతో ఒకటి, పెళ్లికూతురి తండ్రితో ఒకటి, కొత్త కళ్లజోడుతో ఒకటి, అది తీసేసి ఒకటి. ఆల్బమ్ వచ్చాక తిరగేస్తే ఒకే ఒక్క ఫోటోలో, అంచున, ఆయన మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి పట్టుకుని కౌంటరు ముందు నిలబడి ఆయన వేసిన కేకలు వజ్రమ్మ చెవుల్లో ఇంకా ఉన్నాయి. "రీలు ఇరుక్కపోయింది సార్" అని బ్రహ్మం నేల చూపులు చూశాడు.

పెళ్లిళ్లలో రీలు మిగిల్చే విద్య ఒకటుందని వజ్రమ్మకు తెలుసు. ఫ్లాషు వెనక చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే వెలుగొస్తుంది, రీలు కదలదు. దాన్ని ఉత్త ఫ్లాష్ అంటారు. రీలు మీద పెళ్లిళ్లు తీసిన ఫోటోగ్రాఫర్లందరికీ ఆ విద్య వచ్చు, పెళ్లివాళ్లకూ తెలుసు. ఎవరికి రీలు దండగో పెళ్లిపెద్దే సైగ చేస్తాడు. పట్టాభి సైగ కుడిచెవి. హాస్టలు వాచ్‌మన్ స్టేజీ ఎక్కితే పట్టాభి చెయ్యి చెవి మీదికి పోతుంది. వంటవాళ్లు ఎక్కితే చెవి. ఊరినుంచి వచ్చిన పేద చుట్టం ఎక్కితే చెవి. పెళ్లి అయ్యేసరికి ఆ చెవి ఎర్రగా కందిపోయింది.

"ఇప్పుడు ఆ చెవి బాధ లేదు," అన్నాడు పట్టాభి హుషారుగా. "నేను వెనకాలే నిలబడతా. తీసింది తీసినట్టు తెరమీద చూపించు. అక్కర్లేనివి అక్కడికక్కడే చెరిపేద్దాం. మనకో మెమరీ కార్డు మిగులుతుంది. ఏమంటావ్?"

"జర ఆలోచించాలె సార్."

"ఆలోచించడానికేముందయ్యా? నీకు కుదరకపోతే ఎదురుగా గాజు తలుపులవాడున్నాడు. వచ్చే సోమవారానికి చెప్పు."

ఆయన వెళ్లాక వజ్రమ్మ కౌంటరు వదిలి లేచింది. ఈ పెళ్లి చేజారితే స్టూడియోకు తాళమే. మార్కండేయుడి పటం కింద కూర్చున్న భర్తను చూసింది. చేతిలో పాత కెమెరా తోలుసంచీ గుండీ పెడుతున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ పెడుతున్నాడు.

"పోయి కొనుక్కరావయ్యా! ఇంకేం ఆలోచన?"

"కొంట. కానీ... తెర ఉంటది గదనే దానికి."

"తెర ఉంటె?"

"అందరు చూస్తరు."

"ఫోటో తీసేదే చూసేటందుకు గదయ్యా!"

బ్రహ్మం సంచీ గుండీ పెట్టేశాడు. ఆ వారమంతా అన్నం ముందు కూర్చుని, కూర కలపాలా, పచ్చడి కలపాలా అని ఆలోచిస్తూనే లేచిపోయాడు. వజ్రమ్మ మొక్కని దేవుడు లేడు. ఆదివారం రాగానే మళ్లీ స్కూటరు తీశాడు. "చూసొస్త."

"చూసుడు గాదు, తీసుకునే రావాలె!" అని వెనకనుంచి అరిచింది.

ఆ పూటే లింగస్వామి వచ్చాడు. పట్టాభి హాస్టలు వాచ్‌మన్. మీసాలు నెరిసిన పెద్దమనిషి. చంకలో గుడ్డ చుట్టిన పటం.

"చెల్లె, అద్దం పలిగింది. మా బర్రె తోక కొట్టింది. జర కొత్త అద్దం ఏపియ్యవా?"

వజ్రమ్మ గుడ్డ విప్పింది. వినయ్, వినయ్ పెళ్లాం, అటు లింగస్వామి, ఇటు కొత్త చీరలో లింగస్వామి భార్య. నలుగురూ నవ్వుతున్నారు. లింగస్వామి చేతిలో స్టీలు గ్లాసుల పెట్టె, బహుమతి కాయితం మెరుస్తోంది. వెనకాల, నోరు బార్లా తెరిచి ఆవులిస్తూ, ఆల్బమ్‌లోని మోచెయ్యికి అసలు మనిషి రామారావు.

ఆమె ఆ ఆల్బమ్ పేజీ పేజీ తన చేత్తో అంటించింది. ఈ ఫోటో అందులో లేదు. ఆ రోజు పట్టాభి చెవి రుద్దుకుంటుంటే లైటు పట్టుకుని నిలబడ్డది తానే.

"ఇది నీకు ఏడికెళ్లి ఒచ్చిందన్నా?"

"బ్రహ్మం తమ్ముడే తెచ్చిచ్చిండు. బడంగ్‌పేట్ దాంక స్కూటరు మీద ఒచ్చిండు. పెద్దసారుకు చెప్పకు అన్నడు. నాకొక్కనికే గాదు చెల్లె. గిన్నెలు తోమే ఆమెకు గూడ ఇచ్చిండు. పెద్ద అంబర్‌పేట్‌ల వంట మేస్త్రికి ఇచ్చిండు. ఆయనె కోళ్లు పెంచుతడు, గుడ్లు గట్టి పంపిండట."

"ఎప్పుడొచ్చిండు?"

"ఆదివారమే ఒస్తడు గద."

"ఆదివారం కోఠిల కెమెరాలు చూస్త అంటడే మా ఆయన!"

లింగస్వామి పకపకా నవ్వాడు. "ఆదివారం కోఠిల దుకాన్లు యాడ తెరుస్తరు చెల్లె?"

లింగస్వామి పటం వదిలి వెళ్లాక వజ్రమ్మ దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. చెవి రుద్దినప్పుడల్లా ఈయన అసలు రీలు తిప్పాడన్నమాట. రీలు లెక్క సరిపెట్టడానికి ఉత్త ఫ్లాష్ అంతా రామారావుకు పోయిందన్నమాట. రీల్లో ఏముందో కడిగేదాకా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తెర ఉన్న కెమెరా అయితే పట్టాభి వెనకే ఉంటాడు. "చెరిపెయ్" అంటాడు. నెలల తరబడి ఈ మనిషి తేల్చనిది కెమెరా సంగతి కాదు.

సాయంత్రం బ్రహ్మం వచ్చాడు. "చూసొచ్చిన. మంచిగనే..."

"బడంగ్‌పేట్ కెమెరా మంచిగుందా, అంబర్‌పేట్‌ది మంచిగుందా?"

బ్రహ్మం లింగస్వామి పటం వైపు చూశాడు. గోడకు ఆనుకున్నాడు.

"పిలువంగనే ఒస్తరే వాళ్లు," అన్నాడు మెల్లగా. "ఉన్నదాంట్ల మంచి బట్టలు కట్టుకుని ఒస్తరు. వెలుగు పడంగనే తీసిండనుకుని నవ్వుతరు. ఆ నవ్వు చూసినంక... ఉత్త మీట నొక్కాలంటే ఏలు పోదు."

వజ్రమ్మ లేచింది. వంటింట్లోకి పోయి అటక మీది పాత డబ్బా దించింది. అందులోనుంచి సైకిల్ ట్యూబు కోసిన నల్ల రబ్బరు పట్టీలు తీసింది. పెళ్లికి ముందు పుట్టింట్లో పోచంపల్లి చీరల నూలుకు చిటికి కట్టిన చెయ్యి అది. నూలు మీద రంగు అంటకూడని చోటల్లా ఆ రబ్బరుతో బిగించి కట్టి రంగులో ముంచేవాళ్లు.

"మీ నాయన గూడ చిటికి కట్టినోడే గద," అంది. "కట్టు విప్పకముందు రంగు ఎవలకన్న చూపిచ్చిండా?"

"లేదు."

"మరి నువ్వెందుకు చూపిస్తవ్? రేపు పొద్దుగాల కోఠి పోదాం. సోమవారం దుకాన్లు తెరిచే ఉంటయ్."

తన్మయి పెళ్లినాడు బ్రహ్మం మెడలో కొత్త డిజిటల్ కెమెరా వేలాడింది. వెనక తెర ఎక్కడా కనపడకుండా సైకిల్ ట్యూబు రబ్బరు అడ్డంగా, నిలువుగా బిగించి ఉంది. లైటు పట్టుకున్న వజ్రమ్మ, పట్టాభి ఎటునుంచి వస్తాడోనని అటూ ఇటూ తిరిగి చూస్తోంది. దాంతో పెళ్లికూతురి మొహం మీద నీడలు ఊగుతున్నాయి. బ్రహ్మం చెయ్యి మాత్రం నిబ్బరంగానే ఉంది.

పట్టాభి అన్నమాట ప్రకారం వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఏదీ, చూపించు. అదేంటయ్యా, కొత్త కెమెరాకి ఆ కట్లేంటి? దెబ్బ తగిలిందా?"

"జర..." అన్నాడు బ్రహ్మం. ఆలోచనలో పడితే కొంప మునుగుతుందని వజ్రమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. కానీ కెమెరా కంటికి ఆనించుకునే ఉన్నాడు కాబట్టి మాట వెంటనే తేలింది. "కడిగినంక చూద్దురు సార్."

"డిజిటల్‌ని కడగడమేంటయ్యా!"

"మా ఇంటి పద్ధతి అన్నగారూ," అంది వజ్రమ్మ, లైటు కొంచెం ఎత్తి పట్టి. "పోచంపల్లోళ్లం గద. కట్టు విప్పకముందు రంగు చూస్తె కలిసిరాదు. పెండ్లి చీరకైనా అంతే, పెండ్లి ఫోటోకైనా అంతే. మీరు చూస్త అంటె విప్పుతం. మీ ఇష్టం."

పట్టాభి లెక్కల మాస్టారే, లాజిక్ మనిషే. అయినా కూతురి పెళ్లి. నోరు తెరిచేలోగా ఆయన భార్య సూర్యప్రభ పందిట్లోంచి దూసుకొచ్చింది.

"శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆ కట్లు విప్పిస్తారేంటండీ? మీరు రండి ఇవతలికి! చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడండి!"

పట్టాభి చేతులు కట్టుకున్నాడు. అంతలో లింగస్వామి దంపతులు స్టేజీ ఎక్కారు. కట్టుకున్న చేతుల్లోంచి ఒకటి ఊడి, అలవాటుకొద్దీ కుడిచెవి మీదికి పాకింది. బ్రహ్మం ఆ చెవి వైపు చూసి, వినయంగా తలూపి, నొక్కాడు.

వాళ్ల తరవాత రామారావు వచ్చాడు. కొత్త కళ్లజోడుతో ఒకటి, తీసేసి ఒకటి. ఇప్పుడు రీలు అయిపోతుందన్న బెంగ లేదు కాబట్టి బ్రహ్మం ఆయన్నీ నిజంగానే తీశాడు. ఆల్బమ్ అంటించేటప్పుడు ఏ పేజీ తిప్పినా రామారావే.

"ఈయనకన్న ఉత్త ఫ్లాష్ కొట్టకపోయినవా!" అని నెత్తి పట్టుకుంది వజ్రమ్మ.

ఆల్బమ్ చేతికిచ్చిన రోజు, తోడల్లుడి నోరు మూతపడినందుకు పట్టాభి ఎంత మురిసిపోయాడంటే, వీధిలో హాస్టళ్లన్నిటికీ తానే ఫోన్లు చేశాడు. "రబ్బరు కట్టి తీస్తాడు, అదో స్పెషల్" అని చెప్పుకున్నాడు. గాజు తలుపులవాడు కూడా ఓ రోజు వచ్చి, ఆ రబ్బరు ఏ కంపెనీదని రహస్యంగా అడిగి పోయాడు.

ఆదివారం వచ్చింది. బ్రహ్మం తల దువ్వుకుని స్కూటరు బయటికి తీశాడు.

"ఏడికి?"

"కెమెరా చూసొస్త."

"కొన్నంక ఇంక చూసుడేందయ్యా?"

బ్రహ్మం స్కూటరు అద్దం తుడవసాగాడు. వజ్రమ్మ లోపలికి పోయి, లింగస్వామివాళ్లకు ఇవ్వాల్సిన ఫోటోల కవర్లు పెట్టిన సంచి తెచ్చుకుంది. దాంతోపాటు ఇంకో ఖాళీ సంచి కూడా మడిచి చంకలో పెట్టుకుని వెనకసీటు మీద కూర్చుంది.

"పా. నేను గూడ చూస్త. వంకాయలు అయిపోయినయ్."