డాక్టర్ తాతయ్య మందు పొట్లం

మందుపొడి వాసన తగిలితే బర్మాలో, యాంగోన్‌లోని డాక్టర్ తాతయ్య గది గుర్తొస్తుంది. ఆయన తెలుగు పత్రికలకు కథలూ వ్యాసాలూ రాసేవారు. సైనిక పాలన మీద జనం తిరగబడ్డ ఉద్యమం రోజుల్లో కాగితం దొరక్క, పాత కాగితాలు చింపి నేనే మందు పొట్లాలు కట్టేదాన్ని. సిపాయిలు జనం మీద జరిపిన కాల్పుల గురించి ఆయన రాసిపెట్టిన వ్యాసాన్నీ తెలియక చింపేశాను.

ఒక ఉదయం సిపాయిలు ఆ వ్యాసం కోసం గదంతా వెతికారు. దొరకలేదు. వెళ్తూ ఒకడు దగ్గుకు మందు అడిగాడు. తాతయ్య మోతాదు చూడటానికి పొట్లం విప్పి, లోపల తన రాత చూసి ఆగిపోయారు. "నోరు తెరు నాయనా" అని బర్మా భాషలో చెప్పి, పొడి తనే వాడి నోట్లో పోసి, కాగితాన్ని గుప్పిట్లో నలిపేశారు.

జీపు వెళ్లాక, "ఏటే అమ్మీ, నా రాతంతా ఊరికి మందు కట్టి పంచేసినావా?" అన్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. అది నా మీద కోపమనే చాలా ఏళ్లు అనుకున్నాను.