జర నీరసంగ కనపడుండ్రి

తాండూరు గనుల్లో మందు పెట్టి బండలు పేల్చడం అందరూ చూసిందే. మందు లేకుండా, అగ్గిపుల్ల గీయకుండా, ఒక్క మాటతో వృద్ధాశ్రమాన్ని పేల్చబోయినవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. చూడాలనుంటే వికారాబాద్ రండి. బీపీ మిషను సంచి భుజాన వేసుకుని, పొట్టను ముందు నడిపిస్తూ, ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లను చూసుకునే నర్సు ప్రభాకర్ ఎవరని అడగండి. ఎవరైనా నన్నే చూపిస్తారు.

అప్పట్లో పొట్ట లేదు. తెలివి ఉందన్న భ్రమ మాత్రం దండిగా ఉండేది. పూడూరు దగ్గర మా ఊళ్లో నర్సింగు చదివిన మొదటి మగవాణ్ణి నేనే. మా అమ్మ ఊరంతా తిరిగి "మా వాడు డాక్టరుకు కొంచెం కింద" అని చెప్పుకునేది. ఆ కొంచెం ఎంతో నాకు తాండూరులో తెలిసింది. ఒక ట్రస్టు వాళ్ల ఆశ్రమంలో ఉద్యోగం. పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి, ధారూర్ దాటేదాకా నిలబడే నిద్రపోయి, తాండూరులో దిగేవాణ్ణి. ఆశ్రమం గేటు తీయగానే నిద్ర, ఆకలి, నా పేరు అన్నీ మరిచిపోయేవాణ్ణి.

హాలు నిండా ముసలివాళ్లు, చూసుకునేవాళ్లం ఇద్దరం. మందులు, సూదులు, కట్లు నావి. స్నానాలు, బట్టలు, తిండి, జడలు, అలకలు శాంతమ్మక్కవి. ఆ హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు నేను నడిచిన నడకంతా కలిపి సాగదీస్తే బొంబాయి దాటి సముద్రంలో పడుతుంది. పైగా నేలంతా నున్నగా పాలిష్ పట్టిన తాండూరు బండ. దాని మీద నీటిచుక్క కనపడితే పామును చూసినట్టు ఇద్దరం ఉరికేవాళ్లం, ఎవరు జారిపడతారోనని.

అయినా ఆ ఉద్యోగంలో ఏదో ఉండేది. భీమప్ప అని, గనుల్లో బండలు కొట్టి అలిసిన పెద్దమనిషి, కన్నడం కలిపి మాట్లాడేవాడు. తుంటి విరిగి మంచానికి అతుక్కుని వచ్చాడు. శాంతమ్మక్క ఆయన చేయి పట్టుకుని, తిట్టి, బతిమాలి, నెలల తరబడి పట్టు విడవకుండా గేటు దాకా నడిపించింది. ఆ పొద్దు ఆయన గేటు పట్టుకుని కందుల లారీలు చూస్తుంటే, మేమిద్దరం జలుబు లేకపోయినా ముక్కులు తుడుచుకున్నాం. జీతం అందిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. జీతం చూస్తే మీకూ ఆ సంగతి అర్థమయ్యేది.

అలాంటి శాంతమ్మక్క నడుం ఒకనాడు పట్టేసింది. మనుషులను ఎత్తి, దించి, తిప్పి అరిగిన నడుం అది. మూడో మనిషిని ఇయ్యకుంటే నెలాఖరుకు మానేస్తానంది. నేను ట్రస్టుకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. చివరికి హైదరాబాద్ నుంచి ట్రస్టు మేడమ్ వచ్చి చూస్తుందని, నిజంగా అవసరమైతేనే ఇస్తారని కబురొచ్చింది.

చిక్కంతా ఆ 'చూడటం' దగ్గరే. ఎవరు చూడ్డానికొచ్చినా శాంతమ్మక్క ముసలివాళ్లందరికీ తలలు దువ్వి, పౌడరు రాసి, ఉతికిన బట్టలు కట్టి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు వరసగా కూర్చోబెట్టేది. వచ్చినవాళ్లు మురిసిపోయి, ఇక్కడ పనేముందని వెళ్లిపోయేవాళ్లు.

దాంతో నా బుర్రలో బల్బు వెలిగింది. ఇప్పుడనిపిస్తుంది, అది బల్బు కాదు, షార్ట్ సర్క్యూట్. మేడమ్ వచ్చే ముందురోజు అక్క నడుం చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లగానే అందరినీ దగ్గరికి పిలిచాను.

"రేపు మేడమొస్తది. జర నీరసంగ కనపడుండ్రి. లేకుంటె మూడో మనిషి రాదు, శాంతమ్మక్క ఉండదు."

మల్లవ్వ ముందుకొచ్చింది. గొర్రెల మందలు మేపిన మనిషి. ఒక్క కేకతో గుట్ట అవతలి పొట్టేలును వెనక్కి తిప్పేదని ప్రతీతి. ఆ ప్రతీతి ఆమే పుట్టించింది.

"ఎంత నీరసం పిల్లగా? సచ్చినట్టా, సచ్చేటట్టా?"

"సచ్చేటట్టు సాలవ్వా."

భీమప్ప మాత్రం తన మంచంవైపు చూశాడు. "మళ్ల మంచం ఎక్కుమంటవ్," అన్నాడు. "శాంతమ్మ కోసమంటె ఎక్కుత."

నేను అక్కడే ఆగిపోవలసింది. ఆగకపోగా రిహార్సల్ పెట్టాను. మల్లవ్వ మూలుగు విని పక్కనున్న బండల పాలిష్ యూనిట్ వాళ్లు గోడ మీదుగా తొంగిచూసి, ఎవరు పోయారని అడిగారు.

మర్నాడు నడుం నొప్పితో శాంతమ్మక్క ఆలస్యంగా వచ్చింది. సరిగ్గా మేడమ్ కారు ఆగినప్పుడే ఆమె ఆటో ఆగింది. ఇద్దరూ కలిసి లోపలికొచ్చారు. నా నాటకం సంగతి అక్కకు తెలియదు. చెబితే ఒప్పుకోదని చెప్పలేదు.

లోపల అందరూ మాసిన బట్టల్లో, రేగిన జుట్టుతో పడి ఉన్నారు. ఎన్నడూ దగ్గనివాళ్లు దగ్గుతున్నారు. దగ్గేవాళ్లు ఆయాసపడుతున్నారు. మల్లవ్వ మేడమ్ చేయి పట్టుకుని, "మూడో మనిషిని సూసి కండ్లు మూస్త తల్లీ," అంది. నేను అటు తిరిగి సెలైన్ స్టాండుతో మొహం దాచుకున్నాను.

శాంతమ్మక్క ఇవేవీ చూడలేదు. నేరుగా భీమప్ప మంచం దగ్గరికి వెళ్లింది. గేటు దాకా నడిచే మనిషి గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అక్క అక్కడే బండ మీద కూలబడింది.

మేడమ్ ఫోన్ తీసి అంబులెన్సులు కావాలంది. వీళ్లందరినీ సాయంత్రానికల్లా సిటీకి తరలించాలని, ఈ ఆశ్రమం మూసేయక తప్పదని అవతలివాళ్లకు చెప్పింది. చూశారా నా తెలివి? ఒక మనిషిని ఇవ్వమంటే ఉన్న మనుషులందరూ పోతున్నారు. అంత ప్రమాదమేమీ లేదని గొణిగాను.

"నువ్వసలు నర్సువేనా?" అంది మేడమ్.

నిరూపిద్దామని మల్లవ్వకు బీపీ చూశాను. ఆ తల్లి బీపీ కూడా నటించింది.

అప్పుడు శాంతమ్మక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, "తప్పు నాదే మేడమ్," అంది. "నడుం నొప్పని నిన్న దావఖానకు పోయిన. ఒక్క పూట నేను లేకుంటెనే గిట్లయిన్రు."

ఆ మాట భీమప్ప భరించలేకపోయాడు. కళ్లు తెరిచాడు. "యాకవ్వా అళ్తీ? ఏడ్వకు బిడ్డా, నాకేం కాలె," అంటూ లేచి, మంచం పట్టె ఆసరాగా నిలబడి, అడుగులో అడుగు వేస్తూ గేటువైపు నడిచాడు. జారతాడేమోనని రెండు చేతులూ చాపి పక్కనే నేను. అందరి కళ్లూ ఆయన మీదే ఉండటం మల్లవ్వకు నచ్చలేదు.

"ఆయన లేస్తె నేనెందుకు సావాలె?" అని దుప్పటి తన్నేసి లేచింది. ఆమె వెనక నడవగలిగినవాళ్లంతా లేచారు. లేవలేనివాళ్లు దగ్గు ఆపేసి టీ అడిగారు.

మేడమ్ ఫోన్ పెట్టేసి, శాంతమ్మక్కను దేవతను చూసినట్టు చూసింది.

"మంచం పట్టినవాళ్లు మీ కన్నీరు చూసి లేచి నడుస్తున్నారు. ఇలాంటి మనిషి ఉండగా మూడో మనిషి ఎందుకమ్మా?"

నేను నోరు తెరిచాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే అక్క పోతుంది. నోరు మూశాను. మేడమ్ వెళ్తూ వెళ్తూ, సిటీలో ఎవరి వల్లా కాని ఇద్దరు ముసలివాళ్లను కూడా మా దగ్గరికే పంపిస్తానని మాటిచ్చింది. ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది.

కారు వెళ్లిందో లేదో, తాను ఎంత బాగా చావబోయిందో మల్లవ్వ అక్కకు పూస గుచ్చినట్టు చెప్పేసింది. నేను ఆక్సిజన్ సిలిండర్ వెనక్కి చేరాను. అక్క నన్ను చూసింది. చీపురును చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వితే నడుం గుంజుతుంది, నడుం గుంజితే తిడుతుంది, తిడుతూ మళ్లీ నవ్వుతుంది.

"అయితె నెలాఖరుకు పోతవా బిడ్డా?" అని అడిగాడు భీమప్ప, గేటు వదలకుండానే.

"నేనేడికి పోత తాతా? నేను పోతె గీ పిల్లగాడు మిమ్ముల నిజంగనే సంపుతడు."

అలా శాంతమ్మక్క ఆగిపోయింది. కాని షరతులు పెట్టింది. మనుషులను ఎత్తేటప్పుడు ఇక రెండోవైపు ఎప్పుడూ నేనే పట్టాలి. నడవడం వచ్చని అందరూ చూశారు గనుక ముసలివాళ్లూ తలో పని అందుకోవాలి. భీమప్ప కూర్చుని దుప్పట్లు మడతపెట్టేవాడు. మల్లవ్వ టీ పంచుతూ మా అందరినీ గొర్రెల్లా అదిలించేది. మూడో మనిషి రాలేదు గాని, అక్క నడుం కొంచెం తేరుకుంది. నా నడుం పట్టేసింది.

ఆ తర్వాత గేటు దగ్గర ఏ కారు ఆగినా మల్లవ్వ నా చొక్కా పట్టుకుని గుంజేది. "ఇయ్యాల సావాల్నా, బతకాల్నా పిల్లగా?" బతకమనేవాణ్ణి. పౌడరు రాయించుకుని ముందు వరసలో కూర్చునేది. చాలా ఏళ్లు అలాగే బతికింది. ఒక ఎండాకాలం మాత్రం నన్ను అడగకుండానే వెళ్లిపోయింది.

కనుక బీపీ మిషను మీద కుడిచేయి పెట్టి, తాండూరు బండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ముసలి మనిషినీ నీరసంగా కనపడమని ఈ జన్మలో అడగను. వికారాబాద్ స్టేషన్ మెట్లెక్కితే నీరసంగా కనపడే పని నా మోకాళ్లే రిహార్సల్ లేకుండా చేసిపెడుతున్నాయి. ఇక చొక్కా పట్టుకుని ఎవరు అడిగినా నాది ఒకటే జవాబు.

"బతకవ్వా. పని సంగతి నేను సూసుకుంట."