రాగి బిందెల షావుకారు రెండో చెప్పు

జగ్గయ్యపేట నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక కాలికే చెప్పు వేసుకున్నారు. నందిగామలో ఆయనకు రాగి బిందెల దుకాణం ఉందట. షుగరు పుండు మానక, కాలి వేలు తీసేయవలసిన స్థితిలో డాక్టరు రాగి కలిపిన కట్లు కట్టించారట. పుండు పూర్తిగా మానిందని, ఇక చెప్పు వేసుకోవచ్చని ఆ ఉదయమే చెప్పారట.

"మాన్పింది రాగేనని రుజువేమిటండీ? షుగరు అదుపులోకి రావడం కావచ్చు కదా?" అని కాలేజీ చర్చాపోటీల అలవాటుతో అడిగాను.

"రెండూనమ్మా! రాగి ఒంటికి మంచిదని చెప్పి జీవితమంతా బిందెలు అమ్ముకుంటూ వచ్చా. నేను నమ్మడం మాత్రం ఇదే మొదలు."

బస్సంతా నవ్వింది.

"మరి చెప్పు ఇంకా వేసుకోలేదేమండీ?"

"మా బజారు రానీయమ్మా."

నందిగామలో దిగి, ఆయన సంచిలోంచి రెండో చెప్పు తీసి తొడుక్కున్నారు. ఒకటి అరిగిపోయింది, రెండోది కొత్తగా ఉంది. ఆ జతతో ఆయన బజారు మధ్యగా నడిచి వెళ్తుంటే, అడగాలనుకున్న తర్వాతి ప్రశ్న నాకు గుర్తు రాలేదు.